తాతగారి పెట్టెలో నెగటివ్‌లు దొరికితే: ముందు కవర్లు పారేయకండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. దేవరకొండలో మీ తాతగారు, అంటే మీ అమ్మగారి తండ్రి, 1940ల చివరి నుంచి 1985 దాకా ఫోటో స్టూడియో నడిపారు. పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద రెండు ట్రంకు పెట్టెలు దొరికాయి. వాటిలో గాజు ప్లేట్లు, అంటే గాజు మీద తీసిన పాత నెగటివ్‌లు, ఫిల్ము నెగటివ్‌లు, సగం చెదలు తిన్న రిజిస్టర్లు రెండు ఉన్నాయి. హైదరాబాదులో ఉన్న మీ స్నేహితుడు ఓ ఇరవై ఏరి స్కాన్ చేసి పెడితే చూసినవాళ్లంతా అద్భుతం అన్నారు. ఇప్పుడు ఒకాయన రెండు పెట్టెలూ కలిపి గుత్తగా కొంటానంటున్నాడు. తాతగారు నిజంగా గొప్ప ఫోటోగ్రాఫరేనా, అయితే ఆయన్ని లోకానికి ఎలా తెలియజేయాలి అని అడుగుతున్నారు.

మొదటి ప్రశ్నకు ఇరవై ఫోటోలు చూసి ఎవరూ జవాబు చెప్పలేరు. ముప్పై అయిదేళ్లు రోజూ కెమెరా పట్టినవాడి పెట్టెలోంచి ఎవరు ఏరినా ఇరవై మంచివి వస్తాయి. నా పెట్టెలోంచి కూడా వస్తాయి. నేను గొప్పవాణ్ని కాను, కడుపు కోసం ఫోటోలు తీసినవాణ్ని. 1976లో నల్లగొండలో ఒక డార్క్‌రూములో చేరాను, ఆ తర్వాత సొంత స్టూడియో పెట్టాను, డిజిటల్ వచ్చాక మూసేశాను. మూసేసిన స్టూడియోల పాత సామాను సర్దడం అప్పటి నుంచి నాకు పట్టిన పిచ్చి. ఇప్పటికి అయిదు స్టూడియోలవి సర్దాను. అందులో ఒకటి నా చేతులతో పాడు చేశాను. ఆ సంగతి ముందు చెబుతాను, మీరు ఇప్పుడు సరిగ్గా ఆ గట్టు మీదే ఉన్నారు కాబట్టి.

సూర్యాపేట వైపు ఒక ఊళ్లో, పేరు వద్దు, స్టూడియో యజమాని పోయాక ఆయన కొడుకు నాకు మూడు గోనె సంచులు ఇచ్చాడు. ఒక్కో నెగటివ్‌కు ఒక్కో కాగితం కవరు. కవర్లకు పురుగు పట్టింది, ముట్టుకుంటే పొడి రాలుతోంది. పురుగు నెగటివ్‌లకు కూడా పాకుతుందని భయపడి నెగటివ్‌లు తీసి కొత్త ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టాను, కవర్లు పెరట్లో తగలబెట్టాను. తర్వాత నలభై ఏరి పెద్ద సైజులో వేయించి ప్రదర్శన పెట్టాను. పత్రికల వాళ్లు వచ్చారు, మెచ్చుకున్నారు. మూడో రోజు యాభై ఏళ్ల మనిషి ఒకాయన ఒక ఫోటో ముందు ఆగిపోయాడు. కుర్చీలో ఒక స్త్రీ, ఒళ్లో పసివాడు. పసివాడు కదలడంతో ముఖం చెదిరిపోయింది. "ఈమె ఎవరండీ?" అని అడిగాడు. తెలియదన్నాను. వాళ్లమ్మ తనకు మూడో ఏటే పోయిందట, ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదట. మేనత్త చెప్పిన పోలికలన్నీ ఉన్నాయన్నాడు. "కవరు మీద పేరు రాసేవాడు కదా ఆయన, నేను చూశాను" అన్నాడు. మర్నాడు కూడా వచ్చాడు. ప్రదర్శన ఎత్తేసే రోజున కూడా వచ్చి కాసేపు నిలబడి వెళ్లాడు. ఆ ప్రింటు ఆయనకే ఇచ్చాను, తీసుకున్నాడు. కానీ ఆమె తన తల్లేనని చెప్పగలిగిన కాగితం ముక్కను కాల్చింది నేనే.

అందుకని అడుగుతున్నాను, మీ స్నేహితుడు ఆ ఇరవై తీసుకున్నప్పుడు వాటి కవర్లు ఏం చేశాడు? ఇవాళే ఫోను చేసి కనుక్కోండి.

మీ మిత్రుడి మనసులో ఉన్నది బహుశా వివియన్ మేయర్ కథ. షికాగోలో ఇళ్లలో ఆయాగా పని చేస్తూ, మెడలో రోలీఫ్లెక్స్ కెమెరా వేసుకుని వీధుల్లో లక్షకు పైగా ఫోటోలు తీసింది ఆమె. దాదాపు ఎవరికీ చూపించలేదు. అద్దె బాకీ పడ్డ గోదాములోని ఆమె సామాను 2007లో వేలానికి వచ్చింది. ఒక పేట చరిత్ర రాయడానికి పాత బొమ్మలు వెతుక్కుంటున్న జాన్ మలూఫ్ అనే కుర్రవాడు అందులో ఒక పెట్టె కొన్నాడు. ఆమె ఎవరో అతనికి తెలిసేసరికి 2009 అయింది, ఆ ఏప్రిల్‌లోనే ఆమె పోయింది. తర్వాత హక్కులు ఎవరివన్న తగాదా కోర్టుకెక్కింది. బాగా ఆకట్టుకునే కథే, కానీ మీ తాతగారికి అతకదు. ఆమెకు గిరాకీ లేదు, తన కోసం తీసుకుంది. మీ తాతగారిది వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, డబ్బు తీసుకుని తీసిన పని. అలాంటి పనిలో మనిషి ఎక్కడ కనిపిస్తాడో వెతికే పద్ధతి వేరు.

పని తీరులో మీ తాతగారికి దగ్గరి చుట్టం అనదగ్గవాడు అదే అమెరికాలో ఇంకొకడు ఉన్నాడు, మైక్ డిస్‌ఫార్మర్. ఆర్కన్సా రాష్ట్రంలో హీబర్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో స్టూడియో. రైతులు, సెలవు మీద వచ్చిన సిపాయిలు, చేతులు పట్టుకున్న అక్కచెల్లెళ్లు వచ్చి నిలబడితే తీసేవాడు. వెనక ఒట్టి తెర, పూలకుండీ కూడా లేదు. 1959లో పోయాడు. ఆ ఊరి మాజీ మేయరు స్టూడియోలోని సామానంతా 5 డాలర్లకు కొని, సుమారు 3,000 గాజు ప్లేట్లు దాచి ఉంచాడు. 1970ల్లో అవి స్థానిక పత్రిక సంపాదకుడి చేతికి వచ్చాయి, 1976లో పుస్తకమయ్యాయి. ఆ తర్వాత చాలా ఏళ్లకు కొనుగోలుదారులు ఆ చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి ఆల్బముల్లోని అసలు ప్రింట్లు వెతికి కొన్నారు. ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. మీ తాతగారి పనిలో సగమే ఆ పెట్టెల్లో ఉంది. మిగతా సగం చందంపేట, డిండి, మర్రిగూడ వైపు ఇళ్లలో గోడలకు వేలాడుతూ ఉంటుంది, కొన్నిటికి దండలు కూడా పడి ఉంటాయి.

ఇక కవరు మీద ఏముంటుందో చెబుతాను. దీనికి మాత్రం తీరిక చేసుకోండి.

1940ల నాటివైతే కొన్ని కవర్ల మీద ఉర్దూ ఉండవచ్చు. నిజాం కాలంలో దఫ్తరు భాష అదే కాబట్టి రిజిస్టరు కూడా చాలామంది అందులోనే రాసేవాళ్లు. పక్కన 1357 అనో 1358 అనో కనిపిస్తే కంగారు పడకండి, అది నిజాం సర్కారు లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరం. 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హైదరాబాదు రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి 1357 అంటే 1947 అక్టోబరు నుంచి మరుసటి అక్టోబరు దాకా. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు అందులోకే వస్తుంది. ఆ ఒక్క సంవత్సరం కవర్లు మీ దగ్గర ఉంటే ఎవరు ఫోటో తీయించుకోవడానికి వచ్చారో, ఏ నెలల్లో అసలు ఎవరూ రాలేదో చూడండి. నల్లగొండ జిల్లాలో ఆ రోజుల్లో స్టూడియో మూసి ఉన్న నెలలు కూడా చరిత్రే.

ధర చూడండి. పక్కన హాలీ అని ఉంటే నిజాం రూపాయి, కల్దారు అని ఉంటే బ్రిటిషు రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు వచ్చేవి. అణాల్లో రాసి ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదని చాలావరకు నమ్మవచ్చు, పాత అలవాటు కొన్నాళ్లు సాగినా. "న.పై." అని ఉంటే నయా పైసలు, అంటే 1957 నుంచి 1964 వరకు. ప్రింటు వెనక రబ్బరు ముద్రలో హైదరాబాదు స్టేట్ అని ఉంటే 1956 నవంబరుకు ముందుది. ఆరంకెల పిన్ నంబరు ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. ఫిల్ము అంచు మీది అక్షరాలు కూడా చదవండి. ఆర్వో అని ఉంటే తూర్పు జర్మనీ సరుకు, ఆ పేరు 1964లో పెట్టారు. ఇందు అని ఉంటే ఊటీ ఫ్యాక్టరీది, అది ఫిల్ము తీయడం మొదలుపెట్టింది 1967లో.

కవరు లేనివాటికి మనిషి వెనక కట్టిన తెరే కవరు. మాలీ రాజధాని బమాకోలో సేదూ కెయితా అనే స్టూడియో ఆయన ఉండేవాడు. 1991లో న్యూయార్క్ ప్రదర్శనలో ఆయన ఫోటోలు పెట్టి కింద అజ్ఞాత ఫోటోగ్రాఫరు అని రాశారు. మనిషి అప్పటికి బతికే ఉన్నాడు, పేరు ఎవరూ కనుక్కోలేదు, అంతే. తర్వాత ఒక ఫ్రెంచి ఆయన బమాకో వెళ్లి వెతికి పట్టుకున్నాడు. కెయితా రెండు మూడేళ్లకోసారి వెనక తెర మార్చేవాడు, మొట్టమొదటి తెర ఆయన మంచం మీది దుప్పటే. తెరను చూసి ఏ ఫోటో ఏ ఏడాదిదో తానే చెప్పేవాడు. మన స్టూడియోల్లోనూ అంతే. సినిమా బ్యానర్లు రాసే ఆయన చేత ఒకసారి మెట్లూ స్తంభాలూ గీయించేవాళ్లు, అది మాసిపోయాక తాజ్‌మహల్, ఆ తర్వాత తోట. తేదీ ఉన్న కవర్లలో ఏ తెర ఉందో పట్టిక వేసుకుంటే తేదీ లేనివి వాటంతటవే వరసలోకి వస్తాయి.

ఇలా వరసలో పెట్టి చూసినప్పుడే మనిషి కనిపించడం మొదలవుతుంది. నేను సర్దిన ఒక స్టూడియోలో భూతద్దంతో చూస్తుంటే ఒకరి చేతి గడియారం నాలుగు దాటి పది నిమిషాలు చూపించింది. ఇంకొకరిదీ అంతే. అరవై డెబ్భై మంది మగవాళ్లు, పదేళ్ల పాటు, అందరికీ నాలుగూ పదే. ఆగిపోయిన గడియారం అది, స్టూడియోది. కోటు కూడా స్టూడియోదే. ఎడమ జేబు కింద చిన్న మాసిక ఉంది. దాన్ని తొడుక్కున్నవాళ్లలో బడిపంతులు ఉన్నాడు, పాలమూరు వైపు నుంచి మట్టిపనికి పోతూ ఆగిన మేస్త్రీ ఉన్నాడు, పెళ్లికొడుకులైతే లెక్కే లేదు. ఒక్క ఫోటోలో అది కోటు. అరవై ఫోటోల్లో అది ఒక ఊరి కోరిక.

ఇంకొకటి. గాజు ప్లేటును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, మెరుపు లేని వైపు చూడండి. ముఖం మీద సన్నటి పెన్సిలు గీతలు కనిపిస్తాయి. అదే టచింగ్. మశూచి మచ్చ నెగటివ్‌లో ఎక్కడెక్కడ పలచగా ఉంటుందో అక్కడ పెన్సిలుతో నింపితే ప్రింటులో చర్మం నునుపుగా వస్తుంది. ఒక స్త్రీ ముఖం మీద నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండు వందల గీతల దగ్గర మానేశాను. కార్డు సైజు ఫోటోకు ఆయన తీసుకున్నది రూపాయిన్నర. ప్రింటు మాత్రమే చూసినవాడికి ఆ పని కనపడదు, స్కానరు కూడా సరిగా పట్టదు. మీ తాతగారు ఎవరి ముఖానికి ఎంత టచింగ్ చేశారో, ఎవరికి అసలు చేయకుండా వదిలేశారో చూడండి. ఆయన అభిప్రాయాలు అక్కడ ఉంటాయి.

మీ ప్రాంతానికి సంబంధించి ఒకటి ప్రత్యేకంగా వెతకమంటాను. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడు నీళ్లు ఎముకల్ని ఏం చేశాయో మీకు చెప్పనక్కర లేదు. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను నేను సర్దిన ఒక స్టూడియో ఆయన ఎప్పుడూ నిలబెట్టలేదు. కూర్చోబెట్టి నడుము దాకానే తీశాడు. నిలువు ఫోటో తప్పదన్నచోట కాళ్ల ముందు పూలకుండీ పెట్టాడు. పెదవులు మూయించాడు. ఒక ఫోటో చూస్తే ఇందులో ఏమీ లేదు, పూలకుండీ అంతే. ఊరి పేర్లున్న రెండు వందల కవర్లు పక్కపక్కన పరిచినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆయన దీని గురించి ఎవరితోనూ మాట్లాడలేదని ఆయన భార్య చెప్పింది. నా దృష్టిలో ఆయన గొప్ప ఫోటోగ్రాఫరు. పత్రికలవాళ్లకు ఆ పూలకుండీ నచ్చలేదు, పాత ఫ్యాషన్ అన్నారు.

రిజిస్టర్లలో ఇంకో జాడ. 1955 డిసెంబరు 10న నెహ్రూ నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ పన్నెండేళ్లలో ఎక్కడైనా చిన్న సైజు ఫోటోలు హఠాత్తుగా పెరిగితే పని దొరికినవాళ్లు గుర్తింపు కోసం తీయించుకున్నవేమో చూడండి. ముంపు ఊళ్ల పేర్లు తగిలితే ఆ కవర్లు విడిగా రాసుకోండి, విడదీయకండి.

మీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు దొరికే చోటు ఒకటి ఉంది. పేరు లేని, ధర లేని కవర్ల కోసం వెతకండి. గిరాకీ లేకుండా తీసినవి అవి. జాతరో, వాన వెలిసిన వీధో, తండా నుంచి సంతకు నడిచి వస్తున్న లంబాడా ఆడవాళ్లో, ఏదైనా కావచ్చు. ఫిల్ము ఖరీదైన రోజుల్లో ఎవరూ డబ్బివ్వకుండా మీట నొక్కాడంటే అది తన కోసమే. అలాంటివి పది ఉన్నా, అయిదు వందలు ఉన్నా, ఏవి వాటిలో పడతాయో చెప్పేది కవరే.

జాగ్రత్తల గురించి క్లుప్తంగా. పెట్టె మూత తెరిచి, ఏదీ కదపకుండా ముందు పైనుంచి ఫోటో తీయండి. వరస చెడకుండా ఒక్కొక్కటి తీసి, కవరుకూ నెగటివ్‌కూ ఒకే అంకె ఇవ్వండి. అంకె కవరు మీదే, మెత్తటి పెన్సిలుతో రాయండి, బాల్ పెన్ను వద్దు. పురుగు పట్టిన కవరైనా ఫోటో తీసి విడిగా దాచండి. ప్లేట్లు పడుకోబెట్టి దొంతర పెడితే కిందివి పగులుతాయి, పొడవాటి అంచు మీద నిలబెట్టండి. అంచులు మాత్రమే పట్టుకోండి. బూజు ఉంటే నీటితో తుడవకండి, బొమ్మ ఉన్న జిలటిన్ పొర ఊడి చేతికొస్తుంది. మెత్తటి కుంచెతో దుమ్ము తీస్తే చాలు. పెట్టె తెరవగానే ముక్కు అదిరేలా పుల్లటి వాసన వస్తే ఫిల్ము కుళ్లుతోందని అర్థం. అలాంటివి వేరే గదిలో పెట్టి ముందుగా వాటినే కాపీ చేయండి, అవి ఆగవు, పక్కవాటినీ పాడు చేస్తాయి. నేను వాడిన ప్లాస్టిక్ తొడుగులు కొన్నేళ్లకే నెగటివ్‌లకు అంటుకుపోయాయి. కాగితమే మేలు. స్కానరు కొనకపోయినా ఫరవాలేదు, తెల్లటి లైటు పలక మీద పెట్టి మంచి కెమెరాతో తీస్తే సరిపోతుంది.

కొంటానంటున్న ఆయన సంగతి. గుత్తగా అమ్మకండి. గాజు ప్లేట్లు గీకి ఫ్రేములకు అమ్ముకున్నవాళ్లనూ, ఫిల్ములు వెండి కోసం తూకానికి వేసినవాళ్లనూ నేను చూశాను. ఈయన అలాంటివాడు కాకపోవచ్చు. అయినా మంచివి ఏరుకుని మిగతావి వదిలేస్తాడు, పైన చెప్పిందంతా ఆ మిగతావాటిలోనే ఉంది. పైగా మీరు అన్నీ అమ్మగలరా అన్నది కూడా ప్రశ్నే. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్న మనిషే. గాజు మీది, బొమ్మ వాళ్లది అనుకోండి. తాతగారు తన కోసం తీసుకున్నవి మాత్రం ఆయనవి, ఇప్పటి చట్టం ప్రకారం ఆయన పోయాక 60 ఏళ్ల దాకా హక్కు వారసులకు ఉంటుంది, బాగా పాతవాటికి ఈ లెక్క మారవచ్చు. వ్యవహారం చిక్కుగా ఉంటే వకీలును కలవండి.

చట్టం అలా ఉంచండి. పెళ్లిచూపులకని తీయించుకున్న అమ్మాయి ఫోటో ఇప్పుడు ఎవరో నాయనమ్మది. శవాన్ని కూర్చోబెట్టి తీసిన కుటుంబం ఫోటో కూడా మీ పెట్టెలో తప్పకుండా ఉంటుంది. ఇంట్లోవాళ్లను అడగకుండా అవి ఫోనుల్లో తిప్పకండి. మీ స్నేహితుడు పెట్టిన ఇరవైలో అలాంటివి ఉంటే తీసేయమనండి.

తెలియజేయడానికి హైదరాబాదులో హాలు ముందు వద్దు, దేవరకొండలోనే మొదలుపెట్టండి. పాండిచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బ్రిటిషు లైబ్రరీ సాయంతో తమిళనాడు పాత స్టూడియోల ఫోటోలు ఇలాగే డిజిటల్ చేశారు. కాబట్టి పెద్ద సంస్థలకు రాసే దారి ఉంది, కానీ వాళ్లు కూడా మొదట అడిగేది వివరాలే. నేనైతే చవక ప్రింట్లు వేసి చండూరులో ఒక చాయ్ హోటలు బయట తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశాను. మొదటి గంట ఎవరూ రాలేదు. తర్వాత ఒక ముసలమ్మ వచ్చి, ఫోటోలో నిలబడ్డ మనిషిని వదిలేసి పక్కన ఉన్న ఎద్దును గుర్తుపట్టింది. "ఇది మా పుట్టింటి ఎద్దు, దీని కొమ్ము ఇట్లనే వంకర" అంది. ఎద్దు నుంచి మనిషి, మనిషి నుంచి ఊరు, ఊరి నుంచి ఏడాది బయటికొచ్చాయి. సాయంత్రానికి ముప్పై ఒక్క పేర్లు రాసుకున్నాను. అందులో రెండు పేర్ల మీద ఇద్దరు ముసలివాళ్లు కొట్టుకోబోయారు, అదీ రాసుకున్నాను.

మీ తాతగారి దగ్గర టచింగ్ చేసిన ఆయన ఇంకా ఉన్నారని, కొండమల్లేపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నారని మీ ఉత్తరం చివర ఒక ముక్క రాశారు. అన్నిటికన్నా ముందు అదే రాయాల్సింది. స్కానింగు ఆపేసి ఈ ఆదివారమే వెళ్లండి. పగలు, మంచి వెలుతురు ఉండగా వెళ్లండి, ఆయన కళ్లకు అది కావాలి. ఒక ప్లేటూ దాని కవరూ, తెరలు మూడు రకాలవి మూడు ప్రింట్లు, ఒక భూతద్దం పట్టుకెళ్లండి. ఆయన మాట్లాడేటప్పుడు ఫోనులో రికార్డు చేసుకోండి. మీ తాతగారి ఫోటోల్లోనూ అలాంటి గడియారం కనిపిస్తే, అది ఎవరిదో అడగండి.